ఇచ్చేసిన వేలి కోసం చింతామణి దాకా

చిక్కబళ్ళాపురం వైపు వెళ్ళొచ్చానని చెబితే బెంగుళూరులో అందరూ ఒకటే అడుగుతారు, నంది కొండ మీద మంచు చూశావా అని. చూడలేదు. కొండ బస్సు కిటికీలోంచి కనిపించే ఉంటుంది. ఆ సమయానికి నేను నోరు తెరుచుకుని నిద్రపోతున్నాను. నేను వెళ్ళింది మంచు కోసం కాదు, ఒక మాటకి అర్థం కనుక్కోవడానికి. కనుక్కున్నాను కూడా. దాంతో అంతకు ముందు నాకున్న కాస్త స్పష్టతా పోయింది.

నాది తెనాలి. ఉద్యోగం బెంగుళూరులో, ఒక ఆసుపత్రి ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో. ఆ పేరు వినగానే మా పిన్ని "ఈ వారం ఎవరి ముక్కు చెక్కారే?" అంటుంది. ముక్కులు కాదు పిన్నీ, కాలిన చేతులు, యంత్రాల్లో నలిగిన కాళ్ళు. తొడ మీది చర్మం పల్చగా తీసి కాలిన చోట అతికిస్తారు. ఆ అతుకు మానుతూ మానుతూ బిగుసుకుంటుంది, వేళ్ళని లోపలికి లాగేస్తుంది. ఎవరికి అలా లాగుతుంది, ఎవరికి లాగదు, ఇళ్ళకి వెళ్ళాక వాళ్ళు ఆ చేతుల్తో ఏ పనులు చేసుకోగలుగుతున్నారు, ఇదీ మా వాళ్ళు చేస్తున్న పరిశోధన. నేను డాక్టర్ని కాను. రోగుల్ని ప్రశ్నలడిగి రాసుకునే మనిషిని. తెలుగువాళ్ళొస్తే నన్ను పిలుస్తారు, నేను చాలా గర్వంగా వెళ్తాను.

ఆ రోజు ఫోను దగ్గరికి పిలిచారు. చింతామణి దగ్గర ఒక పల్లె నుంచి గంగరత్న అనే అమ్మాయి మా దగ్గర చికిత్స చేయించుకుంది. పట్టు తీసే చోట వేడినీళ్ళ గంగాళం ఒలికి కుడి చెయ్యి కాలింది. మొదటి ఆపరేషను బాగానే అయింది గానీ తర్వాత చివరి రెండు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. ఇంకో ఆపరేషను చేస్తే విప్పవచ్చు. ఆలస్యమైతే కీళ్ళు బిగుసుకుపోతాయి, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. మా డాక్టరమ్మ పైవారం మంగళవారం ఆ అమ్మాయి కోసమే అట్టిపెట్టింది. ఆ అమ్మాయేమో రావడం లేదు. ఫోను చేస్తే వాళ్ళ అవ్వ ఎత్తింది.

"మేము రాములేమ్మా. ఆ చేతికి వేలిచ్చేసినాము. ఇచ్చినంక ఇంక ఎనక్కి తీసుకునేదానికి లేదు."

డాక్టరమ్మది ధారవాడ వైపు కన్నడం. ఏమంటోంది అని నన్నడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆ చెయ్యి కోసం ఇప్పటికే వేలకి వేలు ఎవరికో ఇచ్చేశారట. తిరిగి రావట" అన్నాను. మా పరిశోధనలో ఉన్నవాళ్ళ దగ్గర పైసా తీసుకోం. డాక్టరమ్మ మొహం పాలిపోయింది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు విభాగమంతా నా మాట నమ్మేసింది. ఎవరు తీసుకున్నారో కనుక్కుని, ఆ అమ్మాయిని ఎలాగైనా మంగళవారానికి తీసుకురమ్మని నన్ను పంపారు. దారిలోనే ఉన్న మరో ఇద్దరు పాత రోగుల్ని కూడా చూసి రమ్మన్నారు.

చిక్కబళ్ళాపురంలో హుషారు

దిగేసరికి చలి ఎముకల్లోకి దిగుతోంది. బస్టాండు పక్క హోటల్లో కూర్చున్నాను. ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ "తిండి అయ్యిందామ్మా?" అంది. ముక్కూ మొహం తెలియని మనిషి నా తిండి గురించి అడగడమేమిటని బిత్తరపోయాను. మా వైపు తిండి అనే మాట ఎక్కువగా తిట్టేటప్పుడే వస్తుంది, తిండిపోతు అనో, తిండి దండగ అనో. ఇక్కడ తిండి అంటే పొద్దుటి టిఫిను. కన్నడం వాళ్ళ మాట, వీళ్ళ తెలుగులోకి వచ్చి కూర్చుంది. కాలేదండీ అంటే ఆవిడే నాకు తట్టె ఇడ్లీ చెప్పింది. పళ్ళెమంత ఇడ్లీ, మీద వెన్న. మా ఊళ్ళో నాలుగిడ్లీలు తిన్నాక గానీ నాకు ఆకలి తీరదు. ఇక్కడ ఒకటి తిని నాలుగు తిన్నంత ఆయాసపడ్డాను. కాఫీతో కలిపి యాభై రూపాయలు కూడా కాలేదు.

నారాయణప్ప పూల మార్కెట్లో చామంతి వ్యాపారి. కరెంటు తీగ తగిలి చెయ్యి కాలితే మా వాళ్ళే చర్మం అతికించారు. మార్కెట్లో అడుగుపెడితే కాళ్ళ కింద కూడా పూలే. ఆ వారం చామంతి ధర పడిపోయిందట, రైతులు బస్తాలు విప్పకుండానే మొహాలు వేలాడేసుకుని నిలబడ్డారు. నారాయణప్పని గుర్తుపట్టి, మర్యాదగా "ఏమండీ, బాగున్నారా?" అన్నాను. పక్కన మాల కడుతున్న ఆయన భార్య సరోజమ్మ దారం వదిలేసి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఈయప్పని నువ్వేమండీ అంటే, మల్ల నేనేమనల్ల?" అంది.

చుట్టుపక్కల కొట్లవాళ్ళందరూ నవ్వారు. ఈ వైపు 'అండీ' లేదు. మగవాళ్ళని అప్పా అంటారు, ఆడవాళ్ళని అమ్మా అంటారు. 'ఏమండీ' అనేది వాళ్ళు టీవీ సీరియళ్ళలో పెళ్ళాలు మొగుళ్ళని పిలవడం మాత్రమే విన్నారు. సరోజమ్మకి సారీ చెప్పి ప్రశ్నలు మొదలుపెట్టాను.

చెయ్యి ఎలా ఉంది అంటే "ముందర హుషారుండ్లేదమ్మా, ఇప్పుడు హుషారే" అన్నాడు. హుషారు అంటే మాకు గంతులు, ఈలలు. చెయ్యి ఈల వేయడమేమిటని తికమకపడి, ఎందుకైనా మంచిదని అదే మాట రాసుకున్నాను. తర్వాత తెలిసింది, హుషారు అంటే ఒంట్లో బాగుండటమట. మా ప్రశ్నలు ఎక్కడో వేరే దేశంలో తయారైనవి. ఫోర్కుతో, చాకుతో తినగలరా అనేది అందులో ఒకటి. అది అడిగితే నారాయణప్ప నన్ను జాలిగా చూసి, "ఎందుకమ్మా, వేళ్ళు బాగయినాయి గదా?" అన్నాడు. ఆ జవాబుకి ఎన్ని మార్కులెయ్యాలో నాకు ఇప్పటికీ తెలీదు.

చివరికి అసలు సంగతి ఎత్తాను. మా ఆసుపత్రిలో ఎవరికన్నా ఏమన్నా ఇచ్చారా?

"ఇచ్చినా గదమ్మా."

నేను గబగబా కొత్త పేజీ తిప్పాను. "ఏమిచ్చారు? ఎవరికి?"

"డాక్టరమ్మకి. రెండు మూరల కనకాంబరం. పాపం తలలో పెట్టుకోలేదు. కంప్యూటరుకి చుట్టింది."

బాగేపల్లిలో నవ్వ

రెండో రోజు బాగేపల్లి. ఇంకొంచెం ముందుకెళితే ఆంధ్రా వచ్చేస్తుంది. బోర్డులన్నీ కన్నడం, నోళ్ళన్నీ తెలుగు. ఇక ఇక్కడ నాకు ఎదురులేదనుకున్నాను. తెలుగు నేలకి దగ్గరయ్యేకొద్దీ నా తెలుగు చెల్లుబాటు కాకుండా పోతుందని ఎవరూ చెప్పలేదు.

చౌడప్పకి అరవై దాటాయి. ట్రాక్టరు ట్రాలీ కింద పాదం నలిగితే మా వాళ్ళు తొడ చర్మం తెచ్చి పాదాన్ని కప్పారు. ఇంటి ముందు మంచం మీద కాలు చాపుకుని, మోకాలి దాకా పంచె ఎత్తి, పెళ్ళిలో నగ చూపించినట్టు చూపించాడు. బాగా మానింది. ఇబ్బంది ఏమన్నా ఉందా అంటే, "అంతా బాగుండాదమ్మా. చీకటి పడితే నవ్వ ఒగటి తట్టుకోలేకపోతాండాను" అన్నాడు.

నవ్వు ఎందుకు తట్టుకోలేకపోవాలి? చీకట్లో ఒంటరిగా నవ్వుతాడా? దెబ్బ పాదానికి తగిలినా మనసు మీద కూడా పడి ఉంటుందని నేను మెల్లిగా, "ఏం గుర్తొచ్చి నవ్వొస్తుంది?" అని అడిగాను.

ఆయన నావైపు, నా కళ్ళజోడు వైపు చూశాడు. "గుర్తొచ్చేదేముందమ్మా. నవ్వ. గోకుకోవల్లనిపిస్తాది."

నవ్వ అంటే దురద. అతికించిన చర్మం దురద పెట్టడం అందరికీ ఉండేదే, దానికి రాసుకునే నూనె కూడా మేమే చెబుతాం. ఈసారి చౌడప్ప మాత్రం నిజంగానే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంట్లోవాళ్ళని పిలిచి నా ప్రశ్న మళ్ళీ చెప్పించి మరీ నవ్వాడు. నాకు ఉక్రోషం వచ్చింది గానీ వాళ్ళు పెట్టిన వేరుశనక్కాయలు, బెల్లం ముక్క చూసి ఊరుకున్నాను.

శనక్కాయలు వొలుస్తూ గంగరత్న ఊరి పేరు చెప్పాను. ఆయన చిన్నమ్మని ఆ ఊరికే ఇచ్చారట. ఆ కుటుంబం కూడా తెలుసట. వాళ్ళు వేలిచ్చామంటున్నారు, నిజమేనా అన్నాను.

"అవునమ్మా, ఆళ్ళు వేలిచ్చే వంశం. మాది కాదు."

వేలిచ్చే వంశం! ఇదేదో తరతరాల వ్యవహారం అన్నమాట. "ఎవరికిస్తారు?"

"బైరప్పకి."

"ఎంత?"

"అప్పట్లో రెండేళ్ళిస్తా వుండ్రి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు యాడిస్తారమ్మా, సర్కారోళ్ళు ఎప్పుడో వద్దన్నారు గదా. ఇప్పుడంతా బంగారు తీగతో కానిచ్చేస్తాండారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెండేళ్ళపాటు వాయిదాలు, ఆ తర్వాత బంగారం! వీధి చివరికి పోయి డాక్టరమ్మకి ఫోను చేశాను. తీసుకున్నవాడి పేరు బైరప్ప అన్నాను. మా ఆసుపత్రి గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన పేరు బైరప్పే. పొద్దున్నే నేను లోపలికి పోతుంటే రోజూ నవ్వుతూ పలకరిస్తాడు. ఆ నవ్వు వెనక ఇంత ఉందా అనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం నువ్వు ఆ అమ్మాయిని కలిసేదాకా ఇక్కడ ఎవర్నీ ఏమీ అననని చెప్పింది. ఆ మహాతల్లి తొందరపడకపోవడం వల్ల ఒక పెద్దమనిషి పరువు దక్కింది.

గుడిబండలో అనవసరంగా

బాగేపల్లిలో చింతామణి బస్సు అనుకుని ఎక్కినది గుడిబండకి పోయింది. తప్పు నాదే. కన్నడ అక్షరాలు తెలుగు అక్షరాల్లాగే ఉంటాయి కదా అని బోర్డు సగం చదివి ఎక్కేశాను. కండక్టరు టిక్కెట్టిచ్చేటప్పుడు "చింతామణి" అన్నాను, "పోవచ్చమ్మా" అన్నాడు. పోవచ్చు అంటే ఈ బస్సు పోతుందని కాదు, గుడిబండలో దిగి ఇంకో బస్సులో పోవచ్చని. ఊరి నెత్తిన బోర్లించినట్టు ఒకటే రాతి కొండ. దాని కింద కూర్చుని మసాలా మజ్జిగ తాగి, ఇంకో బస్సు కోసం చూస్తూ, నాకు తెలుగు వచ్చా రాదా అని మొదటిసారి నిజంగా అనుమానపడ్డాను.

చింతామణి పక్క పల్లెలో పితికిపప్పు

మర్నాడు చింతామణి నుంచి ఆటోలో పల్లెకి పోయేసరికి గంగరత్న, వాళ్ళ అవ్వ మునెమ్మ ఇంటి అరుగు మీద అనపగింజలు పితుకుతున్నారు. చలికాలమంతా ఈ వైపు ఇదే పని. నానబెట్టిన గింజని రెండు వేళ్ళ మధ్య నొక్కితే తొక్క ఊడి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. అవ్వ చేతుల్లోంచి పప్పు చిటపటా రాలుతోంది. గంగరత్న కుడిచేతికి మూడు వేళ్ళే పనిచేస్తున్నాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకుని, గోళ్ళు అక్కడే గుచ్చుకుని ఉన్నాయి. మూడేళ్ళ కూతురు చైత్ర ఆమె ఒడిలో ఆడుకుంటోంది. చెవులు కొత్తగా కుట్టించినట్టున్నారు, తమ్మెలు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

నేనూ కూర్చుని ఒక గింజ నొక్కాను. అది నేరుగా అవ్వ కంట్లో పడింది. పరిచయం అలా జరిగింది.

కళ్ళు తుడుచుకుంటూనే అవ్వ నాకు కాఫీ ఇప్పించింది. ఇక ఆగలేక అడిగేశాను.

"అవ్వా, వేలిచ్చామన్నారు కదా. ఆ బైరప్ప మా గేటు దగ్గర ఉండేవాడేనా? పెద్ద మీసాలు, ఖాకీ చొక్కా?"

అవ్వ చెయ్యి ఆగిపోయింది. "మీ గేటు తావ యాడుంటాడమ్మా? ఆయప్ప కొండ మీదుంటాడు."

"కొండ మీద ఇల్లా?"

"గుడి."

"గుడిలో పనిచేస్తాడా?"

"పనేముంది ఆయప్పకి? కూర్చోనుంటాడు. బైరవుడు గదా. మా ఇంటి దేవుడు."

"దేవుడికా? అయితే రెండేళ్ళు ఇచ్చింది..." అన్నాను. గంగరత్నకి ముందుగా అర్థమైంది. నవ్వాపుకుంటూ, కుడిచెయ్యి ఎత్తి ముడుచుకున్న ఆ రెండు వేళ్ళని నా మొహం ముందు పెట్టింది.

"ఈ రెండేళ్ళక్కా."

వేలు అంటే వేలే. వాళ్ళ నోట్లో వేళ్ళు ఏళ్ళవుతాయి, నా చెవిలో ఏళ్ళు సంవత్సరాలయ్యాయి. వేలకి వేలు నా బుర్రలోంచి పుట్టుకొచ్చాయి తప్ప ఎవరూ ఎవరికీ పైసా ఇవ్వలేదు. గేటు దగ్గరి పెద్దాయన్ని తలుచుకుని సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత అవ్వ చెప్పింది. వాళ్ళ వంశంలో తొలి ఆడబిడ్డకి చెవులు కుట్టించే ముందు, తల్లి తన కుడిచేతి చివరి రెండు వేళ్ళ కొసలు బైరవుడికి ఇచ్చేదట. నిజంగానే. అవ్వ వాళ్ళ అవ్వకీ, ఇంకా వెనకటి వాళ్ళకీ ఉలి పెట్టి కొట్టేవారట. రాజుల కాలంలోనే అది ఆపించేశారు. అప్పట్నుంచీ ఆ రెండు వేళ్ళకి బంగారు తీగ చుట్టి, దాన్ని తీసి దేవుడికి ఇస్తున్నారు. చైత్రకి చెవులు కుట్టించేటప్పుడు తీగ చుడదామంటే గంగరత్న వేళ్ళు విప్పుకోలేదు. చుట్టూ చేరిన పెద్దవాళ్ళు, "ఆ రెండేళ్ళే పోయినాయంటే బైరప్పే తీసుకున్న్యాడు, తీగెందుకు" అన్నారు. ఆ మాట మీదే చెవులు కుట్టించారు.

"ఇప్పుడు మీరు బాగుచేస్తే, దేవునికిచ్చింది ఎనక్కి గుంజుకున్నట్లు గదా" అంది అవ్వ.

నాకు నోరు ఆగదు. ఇదేం చోద్యం, వయసులో ఉన్న పిల్ల చెయ్యి ఇలా పాడుచేస్తారా, మేం కూడా తిరుపతిలో తలనీలాలిస్తాం, మళ్ళీ మొలవడం లేదా, దేవుడేమన్నా కోప్పడ్డాడా అని గడగడా అనేశాను.

"ఎంటికలు అయ్యంతట అయ్యే మొలుస్తాయి. ఇది మీరు మొలిపిస్తాండారు" అంది అవ్వ.

గంగరత్న తల వంచుకుని పప్పు పితుకుతోంది. "నాకేమయినా ఫర్వాలేదక్కా. బిడ్డకేమన్నా అయితే?" అంది, చాలా నెమ్మదిగా.

అన్నం దగ్గర ఆ మాట ఇంకా బాధపెట్టింది. రాగిముద్ద, పితికిపప్పు పులుసు పెట్టారు. నేను ముద్దని నములుతుంటే, "నమిలితే పండ్లకంటుకుంటాది, మింగల్ల" అని చైత్రతో సహా అందరూ పాఠం చెప్పారు. మింగితే గొంతులో అడ్డం పడింది. పులుసు మాత్రం అమృతం. చైత్రకి అవ్వే తినిపించింది. కుడిచేత్తో గంగరత్న ముద్ద కలపలేదు, ఎడంచేత్తో బిడ్డకి పెట్టకూడదు. చెయ్యి కాలిన నాటి నుంచి తన కూతురికి తను ఒక్క ముద్ద పెట్టలేదట. అది చెప్పేటప్పుడు ఆ అమ్మాయి ఏడవలేదు గానీ, నాకు ఏడుపొచ్చింది.

కైవారం మెట్లు

చింతామణి లాడ్జిలో పడుకుని, డాక్టరమ్మకి ఫోనులో జరిగినదంతా చెప్పి, తిట్లు తినడానికి సిద్ధమయ్యాను. ఆవిడ తిట్టలేదు. "బలవంతం చెయ్యకు. మంగళవారం దాకా చూస్తాను" అని మాత్రం అంది.

పొద్దున్నే అవ్వ ఫోను. కైవారం గుడికి పోతున్నాము, రా అని. నన్నెందుకు పిలిచిందో తెలియలేదు. పోయాను. దర్శనమయ్యాక అందరితోపాటు పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెట్టారు. వేడివేడి అన్నం, సారు (అంటే మన చారే), చివర పాయసం. మా వైపు గుళ్ళలో పులిహోర లేకుండా ప్రసాదం అనే మాటే ఉండదు. ఇక్కడ పులిహోర ఊసే లేకపోవడం నాకు కొంచెం అన్యాయమనిపించింది. తిని వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. చైత్ర కోతుల్ని చూస్తానంటే గంగరత్న తీసుకుపోయింది. అవ్వ నా పక్కకి జరిగింది.

"ఆపరేసనంటే కోస్తారా?"

కోస్తారని చెబితే భయపడుతుందేమో. అబద్ధం చెప్పాలా, నిజం చెప్పాలా? "కొంచెం కోస్తారవ్వా. నొప్పి తెలీకుండా మందిస్తారు."

"కత్తితోనా?"

"చిన్న కత్తి."

"నెత్తురొస్తాదా?"

"వస్తుంది. వెంటనే ఆపేస్తారు."

"ఆ రెండేళ్ళకేనా?"

"ఆ రెండింటికే. మిగతా వాటి జోలికి పోరు."

అవ్వ కొంగు సర్దుకుని గుడి వైపు తిరిగింది. ఇక అయిపోయింది, నేనే చెడగొట్టాను అనుకున్నాను.

"అయితే నీళ్ళు పడి కాలితే ఇచ్చినట్లెట్లయితాది?" అంది చివరికి. ఎవరినో నిలదీస్తున్నట్టు అంది. "మా పెద్దోళ్ళకి కత్తి తగిలింది, నెత్తురొచ్చింది. ఇచ్చేదంటే అది. కాలింది కాలింది, ఇచ్చినట్లు కాదు. మీ డాక్టరమ్మ కోస్తే, అప్పుడు గదా బైరప్పకి ఇచ్చినట్లు!"

మేము వేళ్ళు బాగుచెయ్యడానికి చేసే పని, ఆవిడ లెక్కలో వేళ్ళు దేవుడికి ఇవ్వడం. రెండూ ఒకే కత్తి. ఇది ఒప్పుకోవడమేనా, కాదా? అవునంటే నేను మోసం చేసినట్టా? కాదంటే ఆ అమ్మాయి చెయ్యి ఏమవుతుంది? కోతుల దగ్గర్నుంచి గంగరత్న వచ్చింది. అవ్వ మళ్ళీ మొత్తం చెప్పింది. ఆ అమ్మాయి అవ్వ మొహంలోకి చూసింది, నా మొహంలోకి చూసింది.

నేను పక్కకి తీసుకుపోయి సూటిగా అడిగాను. "దేవుడి మాట, అవ్వ మాట పక్కన పెట్టు. చేసేది చెయ్యి విప్పడానికి. పూర్తిగా విప్పుకోకపోవచ్చు కూడా. నీకు కావాలా?"

"కావల్లక్కా" అంది. ఆ ఒక్క మాట దగ్గర నాకు తికమక లేదు.

తిరుగు బస్సు

సోమవారం నలుగురం బెంగుళూరు బస్సెక్కాం. గంగరత్న, చైత్ర ముందు సీట్లో నిద్రపోయారు. అవ్వ నా పక్కన కూర్చుంది. ఊరు దాటాక నా చెవి దగ్గర గుసగుసగా, "ఆ కత్తి మాట నేనే అల్లినానమ్మా" అంది. "నాకు చిన్నప్పట్నుంచి తెలీదా, బైరప్ప యాడన్నా బిడ్డల్ని ఏమన్నా చేస్తాడా? పిల్ల జడుసుకునింది. ఏదో ఒగటి చెప్పకపోతే రాదు. దానికి చెప్పొద్దు."

నేను తల ఊపాను. ఇన్ని రోజులూ ఆవిడే అడ్డం అనుకున్నందుకు నాలుక కొరుక్కున్నాను.

హోసకోటలో టీకి బస్సు ఆపారు. అవ్వ చైత్రని తీసుకుని దిగింది. గంగరత్న సీటు మీంచి వెనక్కి తిరిగింది.

"అక్కా, నాకు భయం ఎప్పుడో పోయింది. అవ్వ కోసరమే ఊరికుంటిని. ముసలిది, ఆయమ్మకి దేవుడంటే పానం. ఆయమ్మంతట ఆయమ్మే కత్తి మాట చెప్పింది, నాకదే చాలు. ఆయమ్మకి చెప్పొద్దు."

ఆమెకీ తల ఊపాను. ఇద్దరిలో ఎవరిది నిజమో, లేక ఇద్దరూ పైకి ధైర్యంగా ఉండి లోపల జడుస్తున్నారో నాకు అంతుపట్టలేదు.

మంగళవారం ఆపరేషనైంది. లోపలికి తీసుకుపోయే ముందు అవ్వ ఆ రెండు వేళ్ళని పట్టుకుని కళ్ళకద్దుకుంది. నిన్న బస్సులో నాతో చెప్పిన మనిషేనా అని తెల్లబోయాను. వేళ్ళు విప్పి, తొడ చర్మం అతికించి, మళ్ళీ ముడుచుకోకుండా గట్టి ప్లాస్టిక్ పట్టీ కట్టారు. మొదటిసారి పనికి అడ్డమని ఇంటికెళ్ళగానే తీసేసిందట గానీ, ఈసారి గంగరత్న అది విప్పలేదు.

కొన్ని వారాల తర్వాత పట్టీ తీసే రోజు నన్ను పిలిచారు. డాక్టరమ్మ ఒక్కొక్క చుట్టూ విప్పింది. అరచెయ్యి తెరుచుకుంది. ఉంగరపు వేలు నిటారుగా నిలబడింది. చిటికెన వేలు మాత్రం సగం దాకా వచ్చి ఆగిపోయింది. పై కీలు అప్పటికే బిగుసుకుపోయిందట. ఎంత ప్రయత్నించినా కొంచెం వంకరగానే ఉండిపోతుందని డాక్టరమ్మ చెప్పమంది. చెప్పాను.

అవ్వ ఆ వంకర వేలిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పోనీలే. ఆ వంకరంత మాత్రం బైరప్పకుండనీ" అంది.

గంగరత్న తన చేతిని తనే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది. అరచేతిలో గోళ్ళు గుచ్చుకున్న గుర్తులు ఇంకా ఉన్నాయి. మెల్లిగా వేళ్ళు ముడిచింది, మళ్ళీ తెరిచింది.

"ఉండనీవ్వా. మిగిలిందంతా నాది."